కోట దర్వాజా తెరిచే ఉంది



పోయిన నెల గద్వాలలో మా ఖాందాన్‌లో ఒక వలీమా అయింది. ఆపా నాగర్‌కర్నూల్ నుంచి, నేను హైదరాబాద్ నుంచి వచ్చాం. మర్నాడు జుహర్ నమాజ్ అయ్యాక ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే ఆపా నా దగ్గరికొచ్చి, "చల్ రే, ఖిలా దేఖ్ కే ఆయేంగే" అంది. పుట్టి పెరిగిన ఊళ్లో కోట చూసేదేముంది అని నవ్వాను. ఆమె నవ్వలేదు. అప్పటికే బుర్ఖా వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది.

మా ఊరు చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో సోమనాద్రి కట్టించిన మట్టికోట ఇది. వయసు మూడు వందల ఏళ్లు దాటింది. గద్వాల రాజాలు నిజాంకు పేష్కష్ కడుతూ తమ ఇలాఖాను తామే ఏలుకున్నారు. కవులకూ పండితులకూ ఇక్కడ దొరికిన కదర్ వల్ల దీనికి 'విద్వద్గద్వాల' అని పేరొచ్చింది. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. సంస్థానాన్ని చివరగా ఏలింది ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ. ఆమె పేరు పెట్టుకున్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కూడా ఈ కోటలోనే ఉంది.

నేను పత్రికలవాణ్ణి కదా, నోరు ఊరుకోదు. దర్వాజా దాటగానే ఆపాకు తారీఖ్ చెప్పడం మొదలుపెట్టాను. సోమనాద్రి అన్నాను, పేష్కష్ అన్నాను, 1948 పోలీస్ యాక్షన్ అన్నాను. ఆపా కాసేపు వింది. తర్వాత ఒక మలుపు దగ్గర ఆగి, "అబ్బా నన్ను సైకిల్ మీద ఇక్కడే దించేవారు" అంది. ఇంకో పది అడుగులు వేసి, "ఇక్కడ మా ముగ్గురు సహేలీలం నిలబడి రేగుపండ్లు తినేవాళ్లం. బెల్లు కొడితే ఉరికేవాళ్లం" అంది.

నా నోరు అక్కడితో మూతపడింది. నేను చెబుతున్నది రాజుల తారీఖ్. ఆపా చెబుతున్నది తన తారీఖ్. అది ఒక్క సాలుదే.

మేమిద్దరం ఉర్దూ మీడియం బడిలోనే చదివాం. ఆపా నాకంటే మూడేళ్లు పెద్ద, చదువులో నాకంటే చాలా తేజ్. డిగ్రీ మొదటి సాలు ఈ కాలేజీలోనే చదివింది. అంతలో మంచి రిష్తా వచ్చింది. అబ్బాయికి నాగర్‌కర్నూల్‌లో దుకాణం, షరీఫ్ ఖాందాన్, జహేజ్ అడగలేదు. "ఇంతకంటే ఏం కావాలి" అన్నారు అమ్మీ. ఇంట్లో ఎవరూ జుల్మ్ చేయలేదు, ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందరూ ఖుషీగా ఉన్నారు. ఆపా పుస్తకాలు మాత్రం అల్మారాలో ఉండిపోయాయి. రెండేళ్ల తర్వాత అదే కాలేజీలో చేరినప్పుడు నేను చదివింది ఆ పుస్తకాలే. తెలుగు వాచకం మార్జిన్లలో ఆపా కష్టమైన మాటలకు ఉర్దూలో మానీలు రాసుకుంది. వాటిని పట్టుకునే నేను తెలుగు నేర్చుకున్నాను. ఈరోజు తెలుగులో రాసి రోజీ సంపాదిస్తున్నానంటే అందులో ఆపా హక్ ఉంది. ఆ మాట నేను ఇంతవరకూ ఆమెతో అనలేదు.

కాలేజీ ముందర ఒక అరుగు మీద కూర్చున్నాక అసలు సంగతి బయటపెట్టింది. చిన్న కూతురు పది పాసై పాలిసెట్ రాసింది. ర్యాంకు బాగొచ్చింది. వనపర్తి పాలిటెక్నిక్‌లో సీటు రావచ్చంటున్నారు. "మీ దూల్హా భాయ్ నక్కో అంటున్నారు. వేరే ఊరు, హాస్టలు, జమానా బాగాలేదు అంటున్నారు. పెద్దదాన్ని ఇంటర్‌తో ఆపేశాం. నువ్వు ఒక మాట చెప్పు రే. నేను చెబితే వినరు."

నా కోసమే ఆమె కోట చూద్దామందని అప్పుడు అర్థమైంది. ఇంట్లో ఈ మాట చెప్పడానికి ఒక్క మూల కూడా దొరకలేదు ఆమెకు.

ఒక విషయం గమనించండి. వనపర్తి పాలిటెక్నిక్ ఉన్నది కూడా వనపర్తి రాజావారి ప్యాలెస్‌లోనే. పాలమూరులోని రెండు పెద్ద సంస్థానాల్లో రాజులు ఉన్న జాగాలు ఈరోజు పిల్లలు చదువుకునే జాగాలు. ఒకప్పుడు హుకుం లేనిదే మామూలు మనిషి లోపలికి పోలేని చోట ఇప్పుడు కూలివాళ్ల పిల్లలు, సాలెవాళ్ల పిల్లలు, మన పంక్చర్ దుకాణంవాళ్ల పిల్లలు సంచి భుజాన వేసుకుని పోతున్నారు. రాజుల దర్వాజాలు తెరుచుకున్నాయి. మన ఇళ్ల దర్వాజాలే అమ్మాయికి పదహారు, పదిహేడు రాగానే మూసుకుంటున్నాయి.

దీనికి మనం దీన్ పేరు చెబుతాం. దీన్‌లో ఇల్మ్ ఫర్జ్. మొదటి వహీలో మొదటి మాటే చదవమని. హైదరాబాద్‌లో తయ్యబా బేగం బిల్‌గ్రామీ వందేళ్లకు ముందే డిగ్రీ పూర్తి చేశారు. ఆమె కూతురు మాసూమా బేగం 1952లో శాసనసభకు గెలిచారు, తర్వాత మంత్రి కూడా అయ్యారు. వాళ్లు నవాబుల ఇళ్లవాళ్లు, మనం గరీబులం అంటారా? సరే. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. అమ్మాయిలకు వేరుగా ఉన్నాయి, తిండీ బట్టా పుస్తకాలూ వాళ్లే ఇస్తారు. అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లను మళ్లీ ఇంట్లో కూర్చోబెడితే అది గరీబీ కాదు, మన ఆదత్.

ఇంకో మాట చేదుగా ఉంటుంది, మాఫ్ చేయండి. షాదీ ముబారక్ కింద సర్కారు 1,00,116 రూపాయలు ఇస్తుందని మన మొహల్లాలో ప్రతి ఇంటికీ తెలుసు. ఏ కాగితం కావాలో, ఎవరి దస్తఖత్ కావాలో నోటికి చెబుతారు. అదే ఇంట్లో స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో అడగండి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లని, తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చని ఎంతమంది అమ్మీఅబ్బాలకు తెలుసు?

దూల్హా భాయ్ భయం ఝూట్ అని నేను అనను. ఆడపిల్ల తండ్రికి ఫికర్ ఉంటుంది. బస్సులో ఎట్లా పోతుంది, హాస్టల్లో ఎవరుంటారు, హిజాబ్ వేసుకుంటే ఎవరన్నా ఏమన్నా అంటారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఫికర్ ఉన్న మనిషి పోయి కనుక్కోవాలి. హాస్టల్ చూడాలి, ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి, అక్కడ చదువుతున్న అమ్మాయిలను అడగాలి. ఇల్లు కదలకుండా నక్కో అనడం ఫికర్ ఎట్లా అవుతుంది? ఇక 'ఎక్కువ చదివితే జోడీ దొరకదు' అనే మాట. జోడీ కోసం అమ్మాయి చదువు తగ్గిస్తున్నాం కానీ అబ్బాయి చదువు పెంచుదామని ఒక్కరం అనుకోవడం లేదు.

అసర్ లోపల ఇంటికి తిరిగొచ్చాం. దారిలో ఆపాకు ఆ పుస్తకాల సంగతి చెప్పాను. "హౌ, నాకు యాద్ ఉంది, ఆ పుస్తకంలో సగం మానీలు గలత్" అని నవ్వింది.

రాత్రి చాయ్ తాగుతూ దూల్హా భాయ్‌తో మాట్లాడాను. గట్టిగా కాదు, అదబ్‌తోనే. "సోచేంగే" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆయన్ను చూస్తున్నాను, ఆ మాటకు అర్థం చాలాసార్లు 'నక్కో' అనే. అందుకే వచ్చే ఇత్వార్ ఆయన్ను, ఆపాను, పిల్లను తీసుకుని నేనే వనపర్తి పోతున్నాను. ముందు హాస్టల్ చూస్తాం, తర్వాత ప్యాలెస్.

మీ ఇంట్లో కూడా పది, ఇంటర్ అయిపోయి కూర్చున్న అమ్మాయి ఉంటే, కౌన్సెలింగ్ తారీఖ్ దాటకముందే ఒక మధ్యాహ్నం ఆమెను దగ్గర్లోని కాలేజీకి తీసుకుపోండి. ఊరికే చూసిరండి. మా పిల్ల కోసం దుఆ చేయండి.