గట్టు దాటిన రేడియో

738, 837, 900, 927. రేడియో ముల్లు తిప్పిన తరానికి ఈ అంకెలు చూడగానే హైదరాబాద్, విజయవాడ, కడప, విశాఖపట్నం కేంద్రాలు గుర్తొస్తాయి. వీటిలో చిన్న తమాషా ఉంది. ఏ అంకెనైనా 9తో భాగించి చూడండి, శేషం మిగలదు. ఇది కాకతాళీయం కాదు. మన దేశంలో మీడియం వేవ్ చానళ్ల మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడం ఉంటుంది. అమెరికాలో ఆ ఎడం 10. అందుకే అక్కడి ఏఎం స్టేషన్ల అంకెలు 1020, 1030, 1040... ఇలా సాగుతాయి.

ఈ ఎడం పొలాల మధ్య గట్టు లాంటిది. ఎవరి పంట వారి మడిలో ఉన్నంతకాలం పేచీ లేదు. అమెరికాలో ఆ పేచీ డిజిటల్ రేడియోతో మొదలైంది.

ఎఫ్ఎం వచ్చాక ఏఎంకు గడ్డుకాలం దాపురించింది. ఎఫ్ఎంలో పాట శుభ్రంగా వినిపిస్తుంది. ఏఎంలో ఉరుము ఉరిమినా, పక్కింట్లో మోటారు తిరిగినా గరగరే. ఏఎంను కూడా డిజిటల్ చేస్తే ఈ బాధ తప్పుతుందనుకున్నారు. కానీ కొత్తగా ఇవ్వడానికి జాగా లేదు. పాత సెట్లను మూలన పడేయమని జనానికి చెప్పనూ లేరు. దాంతో పామూ చావకుండా, కర్రా విరగకుండా ఒక ఉపాయం ఆలోచించారు. అదే చానల్లో పాత ప్రసారం అలాగే ఉంచి, దానికి ఇటూ అటూ డిజిటల్ ప్రసారాన్ని జోడించడం. ఐబిక్విటీ అనే సంస్థ తయారుచేసిన ఈ పద్ధతి పేరు ఐబాక్. బజారులో హెచ్‌డీ రేడియోగా పరిచయమైంది. అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2002 అక్టోబరులో దీనికి పచ్చజెండా ఊపింది. అయితే ఏఎం స్టేషన్లకు పగటిపూట మాత్రమే.

చిక్కంతా ఆ 'ఇటూ అటూ'లో ఉంది. సాధారణ ఏఎం సెట్టు మనకు వినిపించేది స్టేషన్ అంకెకు రెండు వైపులా అయిదేసి కిలోహెర్ట్జ్ లోపే. ఐబాక్‌లో డిజిటల్ సంకేతాలు రెండు వైపులా పదిహేనేసి కిలోహెర్ట్జ్ వరకూ పరుచుకుంటాయి. అంటే 1030లోని స్టేషన్ 1015 నుంచి 1045 దాకా ఆక్రమిస్తుంది. మరి 1040లో ఉన్న స్టేషన్ సంగతి? దాని మడి నడుమకే పక్కవాడి పంట వచ్చేసింది!

ఇది నిబంధనలకు విరుద్ధం కాదా అంటే, కాదు. ప్రతి స్టేషన్ నుంచీ కొంత శబ్దం పక్క చానల్లోకి చిందుతుంది. ఎంతవరకు చిందవచ్చో చెప్పే పరిమితి ముందునుంచీ ఉంది. పాత ప్రసారంలో ఆ చిందడం ఎప్పుడో ఒకప్పుడు, పాట హెచ్చుస్థాయికి వెళ్లినప్పుడు జరిగేది. డిజిటల్ సంకేతాలు అదే పరిమితిని క్షణం తెరిపి లేకుండా వాడుకున్నాయి. గట్టు మీద నడవొచ్చన్నారని గట్టు మీదే నాట్లు వేసినట్టు!

పాత సెట్టుకు డిజిటల్ భాష రాదు. దానికి అది ఆగని బుసలా, పెంకు మీద వాన హోరులా వినిపిస్తుంది. మునుపు ఒక స్టేషన్ మీద మరో స్టేషన్ పడితే మాటో పాటో వినిపించి, అడ్డొచ్చింది ఎవరో తెలిసేది. ఈ హోరుకు మాటా లేదు, పేరూ లేదు. సెట్టు పాడైందనో, స్టేషనే బలహీనపడిందనో శ్రోత అనుకుంటాడు. ముల్లు మరోచోటికి తిప్పేస్తాడు.

పగలు ఈ గొడవ కొంత పరిధిలోనే ఉంటుంది. ఏఎం తరంగాలు అప్పుడు నేలను అంటుకుని వెళ్తాయి. పైకి వెళ్లినవాటిని ఆకాశంలోని 'డి' పొర మింగేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర మాయమవుతుంది. తరంగాలు ఇంకా పైనున్న పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. చిన్నప్పుడు రాత్రిళ్లు మన సెట్లో సింహళమో, మరో దూరదేశమో పలికిందంటే కారణం ఇదే. పాటతో పాటు హోరు కూడా అంతే దూరం ప్రయాణిస్తుంది.

ఇంత తెలిసీ 2007లో ఎఫ్‌సీసీ రాత్రి ప్రసారానికీ అనుమతి ఇచ్చింది. సెప్టెంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. బోస్టన్ నగరంలో 1030 మీద డబ్ల్యూబీజెడ్ స్టేషన్ ఉంది. బలం 50 కిలోవాట్లు. అక్కడికి అయిదొందల కిలోమీటర్లకు పైగా దూరంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఏవన్ ఊళ్లో 1040 మీద డబ్ల్యూవైఎస్ఎల్ అనే చిన్న స్టేషన్. చీకటి పడితే బోస్టన్ హోరు తమ శ్రోతలను మింగేస్తోందని ఆ చిన్న స్టేషన్ ఎఫ్‌సీసీకి మొరపెట్టుకుంది. ఏఎం రంగంలో ఈ తగవు పేరుమోసింది. ఊరి వార్తలు, తుపాను హెచ్చరికలు చెప్పే స్టేషన్‌కు ఊరి పొలిమేరలోని శ్రోత దూరమైతే మిగిలేదేముంది?

పోనీ, పెద్ద స్టేషన్లయినా బాగుపడ్డాయా? డిజిటల్‌కు చోటివ్వడానికి అవి తమ పాత ప్రసారాన్ని కుదించుకోవాల్సి వచ్చింది. ఉన్న శ్రోతలకు పాట మరింత మొద్దుబారింది. డిజిటల్ సెట్లు కొన్నవారు తక్కువ. కొన్నవారికీ రాత్రివేళ దూరంలో డిజిటల్ నిలవక, సెట్టు మళ్లీ పాత ప్రసారంలోకే జారుకునేది. చివరికి చాలా స్టేషన్లు ఒక్కొక్కటిగా ఏఎం డిజిటల్‌ను ఆపేశాయి.

2018లో మేరీలాండ్ రాష్ట్రంలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌డీ స్టేషన్ మరో దారి పట్టింది. పాత ప్రసారాన్ని పూర్తిగా మాని, డిజిటల్ ఒక్కటే ఉంచింది. ఇందులో విస్తీర్ణం 30 నుంచి 20 కిలోహెర్ట్జ్‌కు తగ్గుతుంది. పక్కవారికి బాధ తగ్గుతుంది. 2020 అక్టోబరులో ఎఫ్‌సీసీ ఇష్టమున్న ఏఎం స్టేషన్లన్నింటికీ ఈ వీలు కల్పించింది. కానీ పాత సెట్టున్న సొంత శ్రోతకు మాత్రం ఇక హోరు తప్ప ఏమీ వినిపించదు. మునుపు పొరుగువాడు నష్టపోయాడు, ఇప్పుడు ఇంటివాడు.

మన ఆకాశవాణి ఎంచుకున్నది వేరే పద్ధతి, డీఆర్ఎం. దేశంలో ముప్పైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దానికి సిద్ధం చేశారు. ఒకే ట్రాన్స్‌మిటర్ నుంచి పాత ప్రసారాన్నీ, దాని పక్కన డిజిటల్‌నూ పంపవచ్చు. పాత సెట్లో ముల్లు కాస్త పక్కకు జరిపితే ఇక్కడా అదే హోరు. అయితే ఒక తేడా ఉంది. మన దేశంలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చింది ఎఫ్ఎం మాత్రమే. మీడియం వేవ్‌లో ఈ మడీ, పక్క మడీ కూడా ఆకాశవాణివే. కాబట్టి గట్టు ఎక్కడుండాలో ముందే చూసుకునే వెసులుబాటు ఉంది. అమెరికాలో పొలం ఒకరిది, పక్క పొలం మరొకరిది.

కొత్త ప్రసారం ఎంత బాగుందో చెప్పడానికి కొత్త సెట్టు కొన్నవారుంటారు. పక్క చానల్లో ఏం పోయిందో చెప్పాల్సిన శ్రోత మాత్రం అప్పటికే రేడియో కట్టేసి ఉంటాడు.