జవాబు ముందే రాసిన రికార్డు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్ మొదలుకొని డిగ్రీ తొలి సెమిస్టర్ల కణజీవశాస్త్రం వరకు ఒక అభిప్రాయం ప్రశ్న లేకుండా చెలామణీ అవుతున్నది: తరగతిలో విన్న పాఠం నిజమేనని విద్యార్థి కళ్లారా చూసి నమ్మడానికే ల్యాబ్ ఉన్నదని. రికార్డు పుస్తకానికి ఇప్పుడున్న రూపం ఈ అభిప్రాయం నుంచే వచ్చింది. ఉద్దేశం, సూత్రం, విధానం, పరిశీలన, ఫలితం అనే శీర్షికల కింద రాయవలసినదంతా విద్యార్థి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టకముందే సీనియర్ల రికార్డులోనో గైడులోనో సిద్ధంగా ఉంటుంది కాబట్టి, చూడకముందే రాయడం, రాసినదానికి తగినట్టు చూడడం అలవాటైపోతాయి. సిలబస్ సవరణ మాట వచ్చిన ప్రతిసారీ ఖరీదైన పరికరాలు కావాలని ఒక పక్షం, కంప్యూటర్ తెరపై నడిచే వర్చువల్ ల్యాబులు చాలునని మరో పక్షం వాదిస్తాయే గాని, రెండు పక్షాలూ ఈ మూల అభిప్రాయాన్ని తాకవు. సవరించవలసింది మొదట దానినే. జవాబు ముందే చెప్పేసిన చోట ఎంత మంచి సూక్ష్మదర్శిని పెట్టినా, అక్కడ జరిగే పనిని ప్రయోగం అనడానికి వీల్లేదు.

ముందే తెలిసిన జవాబు కంటిని ఎంతగా కట్టివేయగలదో కణశాస్త్ర చరిత్రలోనే నమోదై ఉంది. మానవ కణంలో 48 క్రోమోజోములు, అంటే వంశపారంపర్య సమాచారాన్ని మోసే దారపు పోగుల్లాంటి నిర్మాణాలు, ఉన్నాయని 1923లో థియోఫిలస్ పెయింటర్ ప్రకటించాడు. ఆనాటి పలుచటి కోతల్లో క్రోమోజోములు ఒకదానిపై ఒకటి పడి కలగలిసి కనిపించేవి కాబట్టి ఆ పొరపాటు క్షమించదగినదే. ఆలోచించవలసిన సంగతి ఆ తర్వాతిది. కణాలను పలుచని లవణ ద్రావణంలో ఉంచితే నీరు పీల్చుకొని ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయని 1952లో చూపిన టి. సి. హ్సు, లెక్క దగ్గరకు వచ్చేసరికి 48 అనే రాశాడు. స్వీడన్‌లో కొందరు పరిశోధకులు మానవ పిండపు కాలేయ కణాలను పరిశీలిస్తూ, మళ్లీ మళ్లీ 46 మాత్రమే లెక్కకు రావడంతో, 48 దొరకడం లేదన్న కారణంగా పనిని కొంతకాలం ఆపివేశారు. ఈ సంగతిని తమ వ్యాసంలో నమోదు చేస్తూ 1956లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ తమకు కనిపించిన 46ను కనిపించినట్టుగానే ప్రచురించారు. అంటే శిక్షణ పొందిన కళ్లు 33 ఏళ్లపాటు పుస్తకంలోని అంకెను స్లయిడు మీద వెతికాయి. దొరకనప్పుడు తప్పు స్లయిడుదని అనుకున్నాయి. ఆ ఇద్దరూ అంతకుముందు మొక్కల క్రోమోజోములపై పనిచేసినవారు కావడం, లెవాన్ 1938లోనే ఉల్లి వేళ్ల కణ విభజనపై కొల్చిసిన్ అనే రసాయనం ప్రభావాన్ని అధ్యయనం చేసి ఉండడం ఇక్కడ గుర్తుంచుకోవాలి. మన విద్యార్థి పరీక్ష కోసం నలిపే ఉల్లి వేరు కొన అంత చిన్న వస్తువేమీ కాదు.

మొదటి ప్రయోగంగా ఎక్కువ చోట్ల పెట్టే ఉల్లిపొరను తీసుకుంటే ఈ అలవాటు చేసే హాని స్పష్టమవుతుంది. రికార్డు బొమ్మలో కణకవచానికి లోపలగా కణత్వచాన్ని వేరే గీతగా గీయడం, కొన్నిచోట్ల మైటోకాండ్రియాను లోపలి ముడతలతో సహా గీయడం పరిపాటి. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని దగ్గరదగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపగల హద్దు సుమారు 0.2 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కణత్వచం మందం అందులోనూ వెయ్యో వంతైన నానోమీటర్లలో 7, 8కి మించదు కాబట్టి ఉల్లిపొరలో ఎవరికీ ఆ గీత కనిపించే అవకాశం లేదు. విద్యార్థి చూసింది కణకవచం, రంగు వేస్తే కేంద్రకం, ఓపిక ఉంటే రిక్తిక చుట్టూ అంచుకు నెట్టబడిన జీవపదార్థపు పలుచని పొర, అంతే. కనిపించనిదాన్ని గీసినందుకు మార్కులు పడి, కనిపించినదాన్ని మాత్రమే గీసిన బొమ్మ అసంపూర్ణమని వెనక్కి వస్తే, చూసినదానికీ ఊహించినదానికీ మధ్య శాస్త్రం గీసే గీత చెరిగిపోతుంది. ఇది చిన్న నష్టం కాదు. ఆ గీతను నేర్పగల చోటు కళాశాలలో ల్యాబ్ ఒక్కటే.

అదే ఉల్లిపొరతో ఒక నిజమైన ప్రశ్న అడగవచ్చు: ఈ కణం పొడవెంత? దానికి కొత్త పరికరం అక్కరలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును స్లయిడు స్థానంలో ఉంచి చూస్తే, 10 రెట్ల కటకం కింద కనిపించే వెలుగు వలయం వ్యాసం సుమారు 1.8 మిల్లీమీటర్లని తెలుస్తుంది. ఆ వ్యాసం పొడవునా ఎన్ని కణాలు పట్టాయో లెక్కపెట్టి భాగిస్తే ఒక్కో కణం పొడవు వస్తుంది. పక్క బల్లమీది విద్యార్థికి మరో అంకె వస్తుంది. ఉల్లిగడ్డ బయటి రేకులోని కణాలూ లోపలి రేకులోని కణాలూ ఒకే పొడవు ఉండవలసిన పని లేదు కాబట్టి, రెండు అంకెల్లో ఏది తప్పు అన్న ప్రశ్న స్థానంలో, ఏ రేకు తీసుకున్నావు అన్న ప్రశ్న పుడుతుంది. పాఠ్యపుస్తకంలో ఆ అంకె లేదు కాబట్టి దాన్ని కాపీ కొట్టడానికీ వీలు లేదు.

వేరు కొన ప్రయోగం దీనికన్నా సారవంతమైనది. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మూతి మీద నిలిపి కొద్దిరోజుల్లో వచ్చిన వేళ్ల కొనలను కోసి, ఆల్కహాల్, అసిటిక్ ఆమ్లం మూడింటికి ఒకటిగా కలిపిన ద్రావణంలో స్థిరపరచి, వాచ్‌గ్లాసులో అసిటోకార్మిన్ రంగుతో వెచ్చచేసి, ముదురు రంగు పట్టిన కొనను స్లయిడు మీద ఉంచి, కవర్‌స్లిప్ కింద బొటనవేలితో నలిపి చూడడం దీని విధానం. ఇప్పుడు విద్యార్థి చేసే పని ఈ స్లయిడులో సమవిభజన దశలు నాలుగింటినీ, అంటే ప్రథమ, మధ్యస్థ, చలన, అంత్య దశలను, వెతికి పట్టుకోవడం. దొరకకపోతే చార్టు చూసి గీయడం. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కోసినందువల్ల పొడవుగా సాగిపోయిన, విభజన మానుకున్న కణాలే స్లయిడంతా నిండిన విద్యార్థికి తన ప్రయోగం చెడిపోయిందని చెబుతారు. వేరులో విభజన కొన దగ్గరి విభాజ్య కణజాలానికే పరిమితమనీ, దాని పైన కణాలు విభజన మాని సాగడం మొదలుపెడతాయనీ ఆ చెడిపోయిన స్లయిడు ఎంత బాగా చూపుతుందో చెప్పేవారుండరు. కొన నుంచి 1, 2, 4 మిల్లీమీటర్ల దూరాల్లో ముక్కలు తీసి పోల్చమని ఆ విద్యార్థినే అడిగితే, వేరు పెరుగుదల గురించిన పాఠం అతని చేతిలోంచే పుడుతుంది.

దశలను గుర్తించడంతో ఆగక లెక్కపెట్టడం మొదలైతే ఆ స్లయిడు కాలాన్ని కూడా చెబుతుంది. చచ్చిన కణాల స్థిర చిత్రమే అయినా, ఏ దశకు ఎక్కువ సమయం పడుతుందో ఆ దశలో ఎక్కువ కణాలు చిక్కుతాయి. ఉదాహరణకు 1,000 కణాల్లో 50 ప్రథమ దశలో ఉండి, కణ చక్రం, అంటే ఒక విభజన నుంచి మరో విభజనకు పట్టే కాలం, 20 గంటలనుకుంటే, ప్రథమ దశకు దాదాపు ఒక గంట పడుతుందని అంచనా వేయవచ్చు. కణాలన్నీ విభజనలో పాల్గొంటున్నాయనీ, ఒకేసారి కాక వేటి వేళకు అవి విభజన చెందుతున్నాయనీ అనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. ఆ అనుకోలును విద్యార్థి చేత రాయించడమే శాస్త్ర శిక్షణలో సగం. ఇద్దరు విద్యార్థులు ఒకే స్లయిడును లెక్కపెడితే అంకెలు కలవవు, ఎందుకంటే ప్రథమ దశ ఎక్కడ ముగిసి మధ్యస్థ దశ ఎక్కడ మొదలవుతుందో కణం మీద రాసి ఉండదు. హద్దును మనిషి గీయాలి, గీసిన హద్దును ఎదుటివారికి చెప్పాలి. వేరు కొనలను ఉదయంపూటే కోయాలని మాన్యువళ్లు చెబుతాయి. అది నిజమేనా అని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కోసిన కొనలతో ఒక తరగతి పరీక్షించవచ్చు.

విద్యార్థుల సంఖ్య ఎక్కువ కాబట్టి ఇలాంటి ప్రయోగాలు సాధ్యం కావన్నది తరచూ వినిపించే ఆక్షేపణ. ఇక్కడే ఆ వాదం తలకిందులవుతుంది. ఒక విద్యార్థి 100 కణాలు లెక్కపెట్టి చెప్పే శాతానికి పెద్ద విలువ లేదు. 40 మంది తలా 100 లెక్కపెట్టి బోర్డు మీద కలిపితే 4,000 కణాల సమాచారం ఒక పూటలో చేతికి వస్తుంది, ఆ 40 అంకెల మధ్య తేడా ఎంతో కూడా కనబడుతుంది. జవాబును సరిచూడడమే లక్ష్యమైతే 40 మంది ఒకే పని చేయడం వృథా ప్రయాస. కొలవడం లక్ష్యమైన చోట కిక్కిరిసిన తరగతే బలం.

ఏమీ తెలియని విద్యార్థికి ముందు తెలిసినదాన్ని చూపించాలి, ప్రశ్నలు తర్వాత అన్నది గౌరవించదగిన వాదన. స్లయిడు చేయడం, కటకాలు మార్చడం, నాభిని సరిచేయడం ముందు నేర్పవలసినవే. ఒక వారం దానికే ఇవ్వాలి. అయితే పాఠాన్ని ల్యాబులో మళ్లీ చూపితే పాఠం గట్టిపడుతుందన్న నమ్మకానికి ఆధారం బలహీనం. భౌతికశాస్త్రంలో నటాషా హోమ్స్, కార్ల్ వీమన్ 2018లో వివరించిన పరిశీలనలో, మూడు సంస్థల్లోని 9 ప్రాథమిక కోర్సులకు సంబంధించి, ల్యాబ్ చేసినవారినీ చేయనివారినీ పోల్చి చూస్తే, ల్యాబులో బలపరిచిన అంశాలపై అడిగిన పరీక్ష ప్రశ్నల్లో చేసినవారికి చెప్పుకోదగ్గ లాభమేమీ కనిపించలేదు. అది కణశాస్త్రం కాదు, నిజమే. కాని ఉద్దేశం, విధానం, ఫలితం అన్న మూస అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి, మన ల్యాబులు అందుకు భిన్నమని నమ్మేవారే రుజువు చూపాలి.

వర్చువల్ ల్యాబుల విషయంలో ఎక్కువ చర్చ అవసరం లేదు. ల్యాబుకు రాకముందు విధానాన్ని అలవాటు చేసుకోవడానికి అవి పనికివస్తాయి. తెరమీది కణం మాత్రం దాన్ని తయారుచేసినవారు పెట్టినదాన్నే తిరిగి ఇస్తుంది. అనుకోనిది అక్కడ జరగదు. పరికరాల కొరత మాట నిజమే అయినా, తోట అంచున పెరిగే రియో మొక్క ఆకు చాలా సందేహాలు తీరుస్తుంది. దాని అడుగు పొరలోని ఊదారంగు కణాలను గాఢమైన చక్కెర ద్రావణంలో ఉంచితే నీరు బయటికి పోయి లోపలి జీవపదార్థం గోడను వదిలి ముడుచుకుంటుంది. కణద్రవ్య సంకోచం అనే ఈ మార్పును చూపి వదిలేయడం ఇప్పటి పద్ధతి. అప్పట్లో ట్రాడెస్కాన్షియా డిస్కలర్ అని పిలిచిన ఇదే మొక్క పొరలతో హ్యూగో డి వ్రీస్ 1884లో వేర్వేరు ద్రావణాలను పోల్చి తూచాడు. ద్రవాభిసరణ పీడనంపై వాంట్ హాఫ్ నిర్మించిన సిద్ధాంతానికి ఆ కొలతలు ఆధారాల్లో ఒకటయ్యాయి. 1901లో రసాయనశాస్త్రంలో మొదటి నోబెల్ బహుమతి వాంట్ హాఫ్‌కు వచ్చింది. చక్కెర ద్రావణాన్ని నాలుగైదు గాఢతల్లో చేసి, ఎక్కడ సగం కణాలు ముడుచుకున్నాయో లెక్కపెట్టిస్తే కణరసం గాఢత ఎంతో విద్యార్థికే తెలుస్తుంది. చక్కెర, త్రాసు, ఆకు తప్ప అదనపు ఖర్చు లేదు.

మార్కుల సమస్య అసలైనది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు అందరికీ సమానంగా వర్తించే జవాబు కావాలి, నీట్ వంటి ప్రవేశ పరీక్షల్లో ప్రాక్టికల్‌కు చోటే లేదు కాబట్టి తల్లిదండ్రులూ కళాశాలలూ దానిపై సమయం పెట్టడానికి ఇష్టపడరు. అయినా బొమ్మను చార్టుతో కాక స్లయిడుతో పోల్చి దిద్దడం, ఈ కణాన్ని ప్రథమ దశ కింద ఎందుకు లెక్కపెట్టావని అడిగి ఆ కారణానికి మార్కు వేయడం ఏ ఎగ్జామినర్‌కూ అసాధ్యం కాదు. స్పాటర్లుగా పెట్టే పాత పర్మనెంట్ స్లయిడ్లను గుర్తుపట్టించే అరగంటను దీనికి ఇస్తే చాలు.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో కండరాల్లోని ఫాస్ఫరస్‌ను కొలుస్తున్నప్పుడు, పరీక్ష ద్రావణంలో నీలిరంగు రావలసిన వేగంతో రాలేదు. ఆ ఆలస్యాన్ని వారు రీడింగ్ తప్పని కొట్టివేయక వెంటపడినందువల్ల 1927లో ఫాస్ఫోక్రియాటిన్, అంటే కండరం శక్తిని నిల్వ చేసుకొనే పదార్థం, బయటపడింది. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆయన చూసిన పద్ధతికి మాత్రం మన రికార్డు పుస్తకాల్లో గడి లేదు.

విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా మండళ్లూ, ఇంటర్మీడియట్ బోర్డులూ వచ్చే సవరణలో ప్రయోగాల సంఖ్యను సగానికి తగ్గించి, మిగిలిన ఒక్కొక్కదానికి మూడేసి వారాలు ఇవ్వాలి; అచ్చువేసే మాన్యువల్‌లో ఫలితం అన్న శీర్షిక కింద ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. అంతవరకు ఆగనక్కరలేని అధ్యాపకులు వచ్చే వారపు ల్యాబులో చార్టును గోడమీద నుంచి తీసి, పిల్లల చేత 100 కణాలు లెక్కపెట్టించాలి.