ఇంతకుముందు ఏం చదివారు?

‘ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వండి’ - శాఖా గ్రంథాలయాల్లో తరచూ వినబడే మాట ఇది. అడగడం తేలికే, ఇవ్వడమే కష్టం. మంచిదంటే ఎవరికి మంచిది? పోటీ పరీక్షలతో అలసిన కుర్రాడికా, పదవీ విరమణ చేసి పొద్దుపోని పెద్దాయనకా, పనులన్నీ ముగించుకుని గంటసేపు తీరిక చేసుకున్న ఇల్లాలికా? అనుభవమున్న గ్రంథపాలకులు వెంటనే బీరువా తలుపు తీయరు. ‘ఇంతకుముందు ఏం చదివారు?’ అని అడుగుతారు. సిఫారసులోని కిటుకంతా ఆ ఎదురు ప్రశ్నలోనే ఉంది.

కాస్త నవ్వించే పుస్తకం కావాలన్నవారికి మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ ఇస్తారనుకుందాం. మొగల్తూరు నుంచి సీమకు బయల్దేరిన పార్వతీశం పాట్లకు కడుపుబ్బ నవ్వుకుని, ‘ఇలాంటిదే ఇంకోటి’ అంటారు వాళ్లు. మరో హాస్య నవల చేతిలో పెట్టి పంపేయడం మామూలు పని. నచ్చింది నవ్వేనా, ప్రయాణం కూడానా అని ఆరా తీసి, ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ చూపించడం పనితనం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830లో పరివారంతో బయల్దేరి, ఏడాదికి పైగా తిరిగి, దారిలో చూసిన ఊళ్లనూ మనుషుల తీరునూ రాసుకుంటూ పోయారు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం చదివాక, వెనకటి జనం ఏం తినేవారో, ఎలా బతికేవారో తెలుసుకోవాలనిపించడం సహజం. అప్పుడిక సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదవమని బతిమాలనక్కర్లేదు. రాజుల యుద్ధాలను పక్కనబెట్టి, కావ్యాల్లో దొరికిన ఆనవాళ్లతో తెలుగువాళ్ల తిండినీ బట్టనూ ఆటపాటలనూ చెప్పిన గ్రంథమది. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో తెచ్చిందీ అదే. నవ్వుకోవడానికి వచ్చిన పాఠకులు మూడో పుస్తకానికి చరిత్రలో పడ్డారు.

బీరువాల్లో మాత్రం ఈ మూడింటికీ పొత్తు లేదు. నవల ఒక మూల, యాత్ర మరో మూల, చరిత్ర ఇంకెక్కడో. అలా సర్దకపోతే ఏదీ దొరకదు. సర్ది ఊరుకుంటే ఒకదాన్నుంచి మరోదానికి దారి దొరకదు. ఈ సంగతి ఎస్.ఆర్. రంగనాథన్‌కు బాగా తెలుసు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన ఆయన, 1933లో పుస్తకాలు సర్దేందుకు సొంతంగా ద్విబిందు వర్గీకరణనే రూపొందించి ప్రచురించారు. అంతకు రెండేళ్ల ముందు చెప్పిన పంచ సూత్రాల్లో, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నారు, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలన్నారు. సిబ్బందికి ఎక్కువ పని పెట్టేది ఈ రెండోదే. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పుస్తకానికి కూడా ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారని నమ్మి వెతకాలి మరి.

మన గ్రంథాలయోద్యమానికి ఈ వెతుకులాట అలవాటే. పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి ప్రాంతపు కాలువలో పడవ మీద పుస్తకాలు పంపించారు. పడవలో పట్టేవి కొన్నే కనుక, ఏ ఊరివాళ్లకు ఏవి పనికొస్తాయో ఆలోచించి ఎక్కించక తప్పదు.

ఇవాళ చాలా శాఖల్లో ఒక్కరే తలుపు తీసి, పత్రికలు పరిచి, రిజిస్టరు రాసి, సాయంత్రం తాళం వేసుకు వెళ్తున్నారు. వాళ్లకే చదివే తీరిక లేకపోతే మనకేం చెప్పగలరు? ఆస్తిపన్ను ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్న మనం కొత్త భవనాలు అడుగుతాం, కొత్త పుస్తకాలు అడుగుతాం. పుస్తకాలు చదివిన మనిషి కావాలని కూడా అడగాలి.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. సభలూ పోటీలూ ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ప్రతి శాఖలో ఒక బల్ల వేసి, సిబ్బంది తాము చదివిన డిటెక్టివ్ నవల, కథల సంపుటి, ఆత్మకథ, సైన్సు పుస్తకం ఒక్కొక్కటి పెట్టి, ఎందుకు నచ్చిందో రెండు వాక్యాల చీటీ రాయవచ్చు. డిటెక్టివ్ నవలల కొమ్మూరి సాంబశివరావు పక్కనే సైన్సు పుస్తకాల మహీధర నళినీమోహన్‌ను పెట్టినా తప్పులేదు, చిక్కుముడి విప్పే సరదా ఇద్దరి దగ్గరా ఉంది. చీటీ కింద సంతకం ఉండాలి. పుస్తకం నచ్చనివాళ్లు వచ్చి ఆ సంతకం చేసినవారితోనే వాదిస్తారు. అలా వాదించుకునేందుకు సిబ్బందికి రోజూ ఓ అరగంట మిగిలేలా చూడటం జిల్లా గ్రంథాలయ సంస్థల పని.