రాకుమారికి రాకెట్ వద్దా?

'మాయాబజార్'లో శశిరేఖ పెట్టె మూత తెరవగానే అందులో అభిమన్యుడు కనిపిస్తాడు. 1957లో ఆ ప్రియదర్శినిని చూసి మన అమ్మమ్మలు ముక్కున వేలేసుకున్నారు. ఇవాళ అమెరికాలో ఉన్న కూతురి ముఖం చూస్తూ రోజూ ఫోన్‌లో మాట్లాడుతున్నాం, ఎవరికీ వింతగా లేదు. అంతమాత్రాన 'మాయాబజార్' సైన్స్ ఫిక్షన్ అయిపోతుందా? కాదంటాను నేను. ఆ పెట్టె ఎలా పనిచేస్తుందని అందులో ఎవరూ అడగరు. అడగనక్కర్లేదు కూడా, అది మాయ కదా!

ఆ సినిమాకి కె.వి.రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే 1991లో 'ఆదిత్య 369', 1994లో 'భైరవద్వీపం' తీశారు. రెంటిలోనూ బాలకృష్ణే హీరో. ఒకదాంట్లో కాలయంత్రం, ఇంకోదాంట్లో మాంత్రికుడు. నిజం చెప్పాలంటే కాలయంత్రం ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు. కల్పన విషయంలో రెండూ అక్కాచెల్లెళ్లే. 'ఇలా జరిగితే?' అన్న ఊహతోనే రెండూ మొదలవుతాయి. కానీ కాలయంత్రాన్ని కట్టిన శాస్త్రవేత్త ఒకాయన ఉంటాడు. అది చెడిపోతుంది కూడా. చెడిపోయేదాన్ని బాగుచెయ్యొచ్చు, ఆ పని ఎవరైనా నేర్చుకోవచ్చు. మంత్రం అలా కాదే! గురువు ఉపదేశించాలి, లేదా రాజుగారింట్లో పుట్టాలి.

ఈ సంగతి ఆడవాళ్ల పేజీలో ఎందుకంటారా? మా అన్న పోయినేడు పిల్లలకు పుస్తకాలు తెచ్చాడు. కొడుక్కి గ్రహాలు, రాకెట్ల కథలు. కూతురికి కోటలో బందీ అయిన రాకుమారి కథ. అన్న మంచివాడే, తేడా చూపే మనిషి కాదు. చెయ్యి అలవాటుగా అటు పోయిందంతే. పిల్ల ఆ పుస్తకం చదివి, "అత్తా, లోపల అన్ని రోజులున్నది గదా, ఆ తాళం ఎట్ల తియ్యాల్నో ఆమెనే ఎందుకు చూసుకోలే?" అంది. "ఆడపిల్లకు అన్ని ప్రశ్నలెందుకే?" అంది పక్కనే ఉన్న మా అమ్మ. చూశారా, 'ఎలా' అన్న మాట మగపిల్లాడి నోట వస్తే తెలివి, ఆడపిల్ల నోట వస్తే పెంకితనం!

అలాగని మాయ కథలంటే నాకు చిన్నచూపు లేదు. 1947లో మొదలైన 'చందమామ' చదువుతూ పెరిగిన ఇళ్లు మనవి. చీకటి పడ్డాక మొయినాబాద్ నుంచి చేవెళ్లకు బస్సులో వస్తుంటే, రోడ్డు పక్క మర్రి ఊడలు చూసి బేతాళుణ్ణి తలుచుకోకుండా ఎలా ఉంటాం? ఆ భయంలో ఒక రుచి ఉంది. భయపడుతూనే ముందుకు నడవడం ఆ కథలే నేర్పాయి. అయితే అదే మర్రిని చూసి, రోడ్డు వెడల్పు కోసం ఇవన్నీ కొట్టేస్తే వందేళ్లకు ఇక్కడి ఎండ, వాన ఏమవుతాయని ఒక పిల్ల ఊహించి రాస్తే? అది సైన్స్ కథ. చెట్టు ఒక్కటే, అడిగే ప్రశ్న వేరు. మన చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసే కంప్యూటర్ పిల్లలను చూడండి, రెండు లోకాలూ ఒకే బుర్రలో హాయిగా సర్దుకుంటాయి. ఆడపిల్లలకు మాత్రం ఒక్క లోకమే చాలని మనం ఎందుకు అనుకోవాలి?

ఈ రెండు లోకాలనూ కలిపి 1905లోనే ఒకావిడ కథ రాసింది. బెంగాల్‌కు చెందిన రొకియా హుస్సేన్. కథ పేరు 'సుల్తానా కల'. మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రిక నడిపిన కమలా సత్తియనాథన్ మన రాజమండ్రి ఆడపడుచు! కథలో మగవాళ్లు పరదాలో ఉంటారు, ఆడవాళ్లు రాజ్యం ఏలతారు. అది కల కాబట్టి మాయ కథే అనుకోవచ్చు. కానీ అక్కడి వంటింట్లో పొగ ఉండదు. సూర్యుడి వేడితో వంట. ఆ వేడిని పట్టే విద్య కనిపెట్టింది ఒక ఆడవాళ్ల విశ్వవిద్యాలయం. కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్లకే వచ్చే ఊహ అది. కథ రాసి ఊరుకోలేదావిడ, తర్వాత ఆడపిల్లల కోసం బడి పెట్టింది.

ఈ కథ మా మేనకోడలికి చెప్పాను. "వేడిని గొట్టంలోంచి ఎట్ల పంపిన్రు?" అంది వెంటనే. అంత వివరంగా రొకియా రాయలేదు. సోమవారం బడికి పోయినప్పుడు ఫిజిక్స్ టీచరమ్మను అడగమన్నాను.