ఒడిలోని చదువు

దుమ్ముగూడెము కడ గోదావరికి అడ్డముగ నున్న ఆనకట్టను చూచినవారికి ఒక పాత సంగతి స్ఫురింపక మానదు. బీరారు పత్తిని సముద్రతీరమునకు దింపవలెనని పందొమ్మిదవ శతాబ్దపు నడుమ కాటన్ దొర ఎగువ గోదావరిని పడవదారిగ చేయ సంకల్పించెను. ఇచటి రాతిబండలను తప్పించుటకే ఆనకట్టయు, కాలువయు, లాకులును వెలసినవి. 1871లో ఆ పని నిలిచిపోయినది. పత్తి వేరుదారిని పోయినది. ఆ పనిమీద వచ్చిన హేగు అను నింజనీరు ప్రోద్బలమున ఇచట మిషను నెలకొనెను. తరువాత వచ్చిన జాన్ కెయిన్ అను పాదిరి కోయల నడుమ నివసించి, 1876 మొదలు ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్యాసములు వ్రాసెను. కోయలను గూర్చి లోకము చదువుకొనుట నాడే మొదలైనది. కోయబిడ్డ చదువుకొనుటకు తన మాటలో ఏమి కలదని నేడు మా ప్రశ్న.

మేము బడియీడు బిడ్డను గూర్చి మాటలాడుట లేదు. ఒడిలోని బిడ్డను గూర్చి మాటలాడుచున్నాము. నెలల పసికందుకు పుస్తకమేమి, చదివి వినిపించుటేమి యని పఠనమందిరములో మా మిత్రులు కొందరు నవ్విరి. సుభద్ర గర్భమున నుండి అభిమన్యుడు పద్మవ్యూహమును వినెనన్న కథను నమ్మిన జాతికి ఈ నవ్వు తగదు. 1986లో డికాస్పర్, స్పెన్స్ అను నమెరికా శాస్త్రజ్ఞు లిరువురు ఒక పరీక్ష జరిపిరి. నిండు గర్భిణులైన తల్లులు కడపటి ఆరు వారములు ఒక కథాభాగమును దినదినము పైకి చదివిరి. పుట్టిన బిడ్డలు రెండు మూడు దినములలోనే, తాము గర్భమున వినిన భాగమును వినని దానికంటె మెచ్చుకొన్నట్లు వారి పాలపీక చప్పరింపు వలన తేలినది. బిడ్డ అర్థమును గ్రహించెనని యెవరును చెప్పలేదు. మాట యొక్క నడక చెవిలో నిలిచినదని మాత్రమే వారి తీర్పు. అంతమాత్రము చాలదా?

పసిబిడ్డతో పుస్తకము చదువుట యనగా అక్షరములు దిద్దించుట కాదు. మన పట్టణపు గృహస్థులు చేయు పొరపాటు ఇదియే. మూడేండ్లు నిండకమునుపే పలక నిచ్చి, పెద్దబాలశిక్ష కొని, బిడ్డ తప్పులు చదివిన కసరుకొందురు. పసివాడు పుస్తకమును మొదట నోట బెట్టుకొనును, తలక్రిందుగ పట్టుకొనును, పదిపుటలు ఒక్కమారే త్రిప్పును. తరువాత ఒకనాడు ఏనుగు బొమ్మపై వ్రేలు మోపి తల్లి మొగము చూచును. ఆ చూపునకు తల్లి ‘ఏనుగు’ అని బదులు చెప్పినది చదువు. ‘ఏనుగెక్కడికి పోవుచున్నది నాన్నా?’ అని తిరిగి యడిగినది ఇంకను పెద్ద చదువు. వంట, పొలము, తగవు, బేరము — ఇంటిమాట వీనిచుట్టు తిరుగును. పుస్తకములోని మాట ఇంటిలో లేని కొండను, చూడని నగరమును తెచ్చి ముంగిట నిలుపును. అందువలననే బిడ్డ మాటలమూట త్వరగ పెరుగును. అదే కథను నలుబదిమార్లు చదువుమని బిడ్డ పీడించుట కూడ ఆ పెంపులోని భాగమే. విసుగుకొను తండ్రులు దీనిని గమనింతురు గాక.

పుస్తకమునకు బదులు నేడు బిడ్డ చేతికి సెల్‌ఫోను వచ్చుచున్నది. ఇది ధనికుల యిండ్లకే చెందినది కాదు, గోదావరి గట్టున గుడిసెలోను వెలుగుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో, ఏడాది నిండని బిడ్డకు తెర చూపనే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంట మించరాదనియు, బిడ్డ కూర్చున్న వేళల పెద్దలు కథ చెప్పుటయు పుస్తకము చదువుటయు మేలనియు చెప్పినది. తెర బిడ్డ మొగము చూచి బదులు చెప్పదు. తల్లి చెప్పును.

అయితే దుమ్ముగూడెపు తల్లికి చదువు రాకపోయిన నేమి చేయవలెను? వచ్చినను పుస్తకము తెలుగున నుండి, ఇంటిమాట కోయయైన నేమి చేయవలెను? ఇచటనే మన వాదులు చాలమంది ఆగిపోవుదురు. మా అభిప్రాయమున ఇది అడ్డంకి కాదు. బొమ్మల పుస్తకమునకు చదువురాని తల్లియు పాఠకురాలే. బొమ్మను చూచి ఆమె కోయలో కథ అల్లగలదు. అవ్వ ఇంకను బాగుగ అల్లగలదు. కాని ఆమె మాటకు అచ్చులో చోటు లేనంతకాలము, పుస్తకము పరాయివారి సొత్తని బిడ్డ పాలతోబాటు నేర్చుకొనును. 2011 జనాభా లెక్కలలో కోయ మాతృభాషగ చెప్పుకొన్నవారు నాలుగు లక్షలకు పైబడిరి. ఇది చిన్న సంఖ్య కాదు.

మార్గము క్రొత్తది కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను తామే నేర్చుకొని, ఆ భాషలో వాచకములు వ్రాసి, బడులు పెట్టించిరి. ప్రభుత్వము మేల్కొనుటకు నూరేండ్లు పట్టినది. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, సవర, గోండి మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక పాఠములు తెలుగు లిపిలో అచ్చువేయించి బోధింప నారంభించిరి. మంచిపని. కాని ఒడియీడు బిడ్డ ఆ పుస్తకములకు ఎక్కడ చిక్కును? పైగా 2014లో రాష్ట్రము చీలి, భద్రాచలము చుట్టుపట్ల మండలములు కొన్ని ఆవలికి పోయినవి. దుమ్ముగూడెము తెలంగాణమున నిలిచినది. చత్తీస్‌గఢ్, ఒడిసా కలుపుకొని కోయలు నేడు నాలుగు రాష్ట్రముల వారు. ఒక సర్కారు అచ్చువేసిన బొమ్మల పుస్తకమును రెండవ సర్కారు తెచ్చుకొనుటకు నదియేమి, సరిహద్దేమి అడ్డు రావలెను?

1992లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మూడువందల పసిబిడ్డల కుటుంబములకు ఉచితముగ పుస్తకములిచ్చి మొదలుపెట్టిన ఏర్పాటు దేశమంతట వ్యాపించినది. అంతకు మునుపే 1989లో బోస్టను వైద్యులు, బిడ్డను పరీక్షించునప్పుడు ఒక పుస్తకమును చేతికిచ్చి పంపు పద్ధతి పెట్టిరి. మనకు టీకాల దినము లేదా? ఆ దినమున తల్లులు బిడ్డలతో తామే వత్తురు. చుక్కల మందుతోబాటు ఒక అట్టపుటల పుస్తకము నిచ్చిన నదనపు ప్రయాణ మేమియు లేదు. కోయ మాటలాడు అంగన్‌వాడీ టీచరు ఐదు నిముషములు ఒక బిడ్డతో దానిని విప్పి చూపిన, తక్కిన తల్లులు చూచి నేర్చుకొందురు. 2024లో కేంద్రప్రభుత్వమే పుట్టుక మొదలు మూడేండ్ల వరకు బిడ్డల వికాసమునకై ‘నవచేతన’ అను ప్రణాళికను వెలువరించినది. కాగితము సిద్ధముగ నున్నది. బొమ్మల పుస్తకమే రావలసియున్నది.

డబ్బు మాట వచ్చును. ఇంటిపన్నుతోబాటు రూపాయకు కొన్ని పైసలు గ్రంథాలయపు పన్నుగ చెల్లు చట్టము 1960 నుండి కలదు. పెంకుటిండ్లు, మేడలు ఉన్నచోట ఆ పైసలు కుప్పపడును. పూరిండ్ల గూడెమున పడవు. కనుక ఏజెన్సీ గ్రామమునకు పట్టణపు పైసలు నడిచి రావలసినదే. మేమెరిగిన యొక పట్టణపు పఠనమందిరమున పిల్లల పుస్తకములు అద్దాల బీరువాలో తాళములో నున్నవి. అడిగితిమి. ‘పిల్లలు చింపుదురండీ’ అని యుత్తరము వచ్చినది. చింపనిండు! 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి డెబ్బది యొక్క అడుగులు దాటి ప్రవహించినది. ఆ నది గట్టున పుస్తకము ఎట్లును నిలువదు. మూడేండ్ల కొకమారు క్రొత్తవి పంపుదమని లెక్క వేసికొనుటయే న్యాయము.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు నింపి పల్లెపల్లెకు త్రిప్పిరి. దుమ్ముగూడెపు కాలువలో పడవలు లేకపోవచ్చును. భద్రాచలము నుండి వారమున కొకనాడు గూడెములకు పోవు జీపులు కలవు. వానిలో ఒకదాని వెనుక సీటుపై పుస్తకముల పెట్టె కొకదానికి చోటు చాలును. ముందు ఆ బీరువా తాళపుచెవి ఎవరివద్ద నున్నదో మన పఠనమందిరపు సభ్యులు వచ్చు సమావేశమున అడుగుదురా?