అరికాలికి అంటిన నల్లజిడ్డు

ప్రశ్న: సెలవులకు సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. పిల్లల అరికాళ్ళకు తారులాంటి నల్లటి జిడ్డు అంటుకుంది. మా అత్తగారు గుడ్డను పెట్రోలుతో తడిపి గట్టిగా రుద్దారు. మర్నాటికి చిన్నవాడి పాదాలనిండా ఎర్రటి దద్దుర్లు. అక్కడ కొన్న చేపలు కిరసనాయిలు వాసన వేశాయి. సముద్రంలో చమురు బావులు తవ్వడం వల్లనేనా ఇదంతా? ఆ చేపలు తినవచ్చునా?
- ఒక సోదరి, కాకినాడ

జవాబు: మీ అత్తగారు మంచికే చేశారు గాని, దద్దుర్లకు జిడ్డుకంటే పెట్రోలే ఎక్కువ కారణమై ఉండవచ్చు. అది చర్మంలోని సహజమైన చమురును లాగేస్తుంది. ఇకమీదట ఇలాంటి జిడ్డు అంటితే కొబ్బరినూనె రాసి, మెత్తని గుడ్డతో తుడిచి, సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో కడగండి. బొబ్బలు లేచినా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి.

సముద్రంలో పడిన ముడిచమురు ఎండకూ అలలకూ గట్టిపడి, ఇలా ముద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తుంది. అది బావిదే కానక్కరలేదు. ఓడలనుంచీ కారుతుంది, సముద్రగర్భంనుంచి సహజంగానూ ఊరుతుంది. అయితే బావి అదుపు తప్పితే ముప్పు పెద్దదే. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో జరిగిన ప్రమాదంలో 11 మంది పనివారు చనిపోయారు. చమురు 87 రోజులు కారింది. దాన్ని శుభ్రం చేసిన వారిలో కొందరికి దగ్గు, ఆయాసం, చర్మబాధలు వచ్చాయి.

ఇక చేపల సంగతి. కిరసనాయిలు వాసన వేసే చేపను పారేయండి. పులుసు పెట్టినా, వేయించినా ఆ దోషం పోదు. చేప తన ఒంట్లో చేరిన చమురును కొంతకాలానికి విసర్జిస్తుంది. ఆలుచిప్పలు, గుల్లలు అలా త్వరగా వదిలించుకోలేవు. చమురు తెట్టు కట్టిన చోట పట్టినవి అసలే వద్దు. అంతమాత్రాన మంచి చేపలు మానకండి. పిల్లలకు అవి బలం.

కోస్తాలో గ్యాసు గొట్టాల దగ్గర ఉండేవారికి మరో మాట. వంటగ్యాసుకు ఉండే వాసన విడిగా కలిపినది. భూమిలోంచి వచ్చే గ్యాసుకు అది ఉండకపోవచ్చు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరంలో గొట్టంనుంచి కారిన గ్యాసు అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. గొట్టం దగ్గర బుసకొట్టే శబ్దం గాని, పొగమంచులాంటిది గాని కనిపిస్తే అగ్గిపుల్ల గీయకండి, స్విచ్చి వేయకండి, బండి స్టార్టు చేయకండి. గ్యాసు ఉన్న వైపు వెళ్ళకుండా, గాలికి ఎదురుగా నడిచి దూరంగా పోండి. తరువాతే ఫోను చేయండి.