తవ్వకముందే కొలవాలి

'ఖాతము' అంటే తవ్వబడినది. 'అఖాతము' అంటే ఎవరూ తవ్వనిది, దానంతట అదే ఏర్పడిన జలాశయము. బంగాళాఖాతమనే పేరులో ఉన్నది ఆ మాటే. 'సాగరము' కథ దీనికి విరుద్ధం. యాగాశ్వాన్ని వెదకుతూ సగరపుత్రులు తవ్విన చోటు గనుక సాగరమైనదని పురాణ నిర్వచనం. తవ్వినవారు చివరకు భస్మమైపోయారు. తవ్వినదనీ, తవ్వనిదనీ కడలికి రెండు పేర్లూ ఉన్న భాష మనది. హిందూ మహాసముద్రపు అడుగు విషయంలో మన దేశం నేడు ఈ రెండు మాటల నడుమ నిలిచి ఉంది.

1981లో 'గవేషణి' నౌక సముద్రపు అడుగునుండి నల్లని లోహపు ముద్దలను పైకి తెచ్చింది. ఇవి మా సీమలో ఉర్లగడ్డలనే బంగాళదుంపలంత ఉంటాయి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు వీటిలో ఉన్నాయి. ఒక్కొక్కటి పది లక్షల ఏళ్లకు కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. 2002లో అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో కుదిరిన ఒప్పందం వల్ల, మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషించే హక్కు మనకు దక్కింది. అక్కడ 38 కోట్ల టన్నుల ముద్దలున్నవని అంచనా. 2021లో కేంద్ర ప్రభుత్వం రూ.4,077 కోట్లతో 'డీప్ ఓషన్ మిషన్'ను ఆమోదించింది.

అయిదు కిలోమీటర్ల లోతున అడుగు ఎలా ఉన్నదో తెలుసుకోవడమెట్లా? వెలుతురు అంత దూరం పోదు, రేడియో తరంగాలూ పోవు. పోయేది ధ్వని ఒక్కటే. నౌకనుండి పంపిన ధ్వని అడుగును తాకి తిరిగి రావడానికి దాదాపు ఏడు క్షణాలు పడుతుంది. అయితే అది దిగేకొద్దీ విచ్చుకొని, అడుగును చేరేసరికి పదుల మీటర్ల వెడల్పవుతుంది. అందువల్ల కొండలు కనబడతాయి గాని రాళ్లు కనబడవు. ఆ లోటు తీర్చేవి అటానమస్ వాహనాలు. మనిషి లేకుండా, తాడు లేకుండా, ముందుగా చెప్పిన దారిని అనుసరించి, అడుగుకు చేరువలో ఈదుతూ ధ్వనితోను, కెమేరాతోను నేలను చదువుతాయి. అక్కడ జీపీఎస్ అందదు గనుక తమ నడకను తామే లెక్క వేసుకుంటాయి.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి 'ఓఎంఈ 6000' అటువంటిదే. 2022 డిసెంబరులో అది 5,271 మీటర్ల లోతున 14 చదరపు కిలోమీటర్లు పరిశీలించింది. 75,000లో 14 అంటే అయిదు వేల పైచిలుకు వంతులలో ఒక వంతు! ప్రపంచమంతటి లెక్క చూసినా, 2025 జూన్ నాటికి ఆధునిక పద్ధతిలో కొలిచిన సముద్రపు అడుగు 27.3 శాతమే.

కడప జిల్లావానికి సముద్రంతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. మా ఎర్రగుంట్ల నాపరాయి ఒకనాటి సముద్రపు అడుగే. జీవులకు ఎముకలైనా ఏర్పడని కాలంలో ఇక్కడి నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నమది. మా ఇళ్లలో కాళ్ల కింద పరచిన బండలూ, సిమెంటు ఫ్యాక్టరీలలో కాలే రాయీ అదే. ఆ రాయి వేలమందికి కూడు పెట్టింది, కాదనను. కాని తవ్వి వదిలిన గుంతలూ, రాతిముక్కల దిబ్బలూ చూస్తున్న కంటికి ఒక సంగతి తెలుస్తుంది. తవ్వకముందు ఆ నేల ఎట్లున్నదో చూపే పటం ఊరివారి చేతిలో లేకపోతే, ఏమి పోయిందో చెప్పడానికి సాక్ష్యమే మిగలదు.

సముద్రంలో ఈ సంగతి మరింత తీవ్రం. 1989లో పెరూ దేశపు తీరానికి దూరంగా జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రయోగార్థం అడుగును నాగలివంటి సాధనంతో దున్నారు. 26 ఏళ్ల తరువాత, 2015లో తిరిగి వెళ్లి ఇటువంటి వాహనాన్నే దింపి చూస్తే, ఆ చాళ్లు ఇంకా కనబడుతున్నాయి. మన పొలంలో ఒక్క వాన కురిస్తే చెదిరిపోయే చాలు!

నికెలూ, కోబాల్టూ వద్దనడం నా వాదం కాదు. బ్యాటరీలకు అవి కావలసినవే. మనకున్నది అన్వేషణ హక్కే గాని తవ్వకపు హక్కు కాదు. తవ్వకపు నియమావళిపై దేశాల నడుమ చర్చలు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. ఆ వ్యవధిని కొలవడానికి వాడుకోవాలి. ముద్దలెక్కడున్నవో మాత్రమే చూపే పటం బేరగాని పటం. అక్కడ బ్రతికే ప్రాణులను, బురదను, వాలును కూడ చూపి, అందరికీ తెరిచి ఉంచినది ప్రజల పటం. ప్రజాధనంతో గీసే పటం రెండవదే కావాలి.

అది తెలుగులోనూ ఉండాలి. సముద్రం లేని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని మన మత్స్యకారులకు తెలుగులో అందిస్తున్నది. చేపకు వచ్చిన తెలుగు అడుగుకు రాదా? ఆ వాహనానికి 'స్వయంచర జలయానం' అనీ, ఆ ముద్దలకు 'లోహపుండలు' అనీ నేను వాడుకుంటున్నాను. ఇంతకంటె తేలికైన మాటలు తోచినవారు వ్యాఖ్యలలో తెలుపగలరు. పేరు పెట్టలేని వస్తువును గూర్చి ప్రశ్న అడగడం కష్టం. అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.